బండి బెండు పైపుకు పట్టీ చుట్టే ముందు

మోటారు సైకిలు ఇంజను నుండి వెలువడే పొగను సైలెన్సర్ వరకు తీసుకుపోయే వంపు గొట్టాన్ని మన మెకానిక్కులు బెండు పైపు అంటారు. ఆ గొట్టాన్ని ఇంటి వద్దనే విప్పి, హీట్ ర్యాప్ అనే పట్టీని గాయానికి కట్టు కట్టినట్లు దాని చుట్టూ చుట్టి, తిరిగి బిగించుకోవడం ఇటీవల యువకులలో ఒక వేడుక అయింది. పట్టీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నది. స్పానర్లు ఇంట్లో ఉండనే ఉంటాయి. ఎలా చుట్టాలో చూపే వీడియోలకు కొదవ లేదు. చుట్టిన తరువాత బండి ఎంత ఠీవిగా ఉన్నదో ఆ వీడియోలు చూపుతాయి. చుట్టినవాని చేతుల గతి, ఊపిరితిత్తుల గతి, ఆ బండి పక్కన ఆడుకునే పసివాని గతి వాటిలో కనబడవు. ఇంటిల్లిపాదీ రోజూ వాడుకునే బండికి ఈ పట్టీ అక్కరలేదన్నది నా నిశ్చితాభిప్రాయం. అందుకు కారణాలు చెబుతాను. అయినా చుట్టి తీరాలనుకునేవారు తమ శరీరానికి, ఇంటివారికి చేటు రాకుండా ఏమి చేయాలో కూడా చెబుతాను. నేను మెకానిక్కును కాను. కాని ఈ పనిలో గాయపడేది యంత్రం కాదు, మనిషి. కనుక ఇందులో వైద్యునికీ ఒక మాట చెప్పే హక్కు ఉన్నది.

ఈ పట్టీ పందెపు వాహనాల కోసం వచ్చినది. గొట్టంలోని వాయువు వేడిగా ఉన్నంత సేపు పలుచగా, వేగంగా బయటికి పోతుంది. అందువల్ల ఇంజను కొంచెం తేలికగా ఊపిరి వదులుతుంది. బానెట్ కింద అన్నీ ఇరుకుగా ఉండే కారులోనైతే పక్కనున్న తీగలు, గొట్టాలు వేడెక్కకుండా కాపాడుకోవడానికి కూడా ఇది పనికివస్తుంది. మోటారు సైకిలు బెండు పైపు ఎదురుగాలికి తెరచి ఉంటుంది. ఊరిలో కూరగాయలకు, ఆఫీసుకు తిరిగే బండిలో దీనివల్ల కలిగే లాభం తెలిసేంతగా ఉండదు. చుట్టేవారిలో చాలామందికి ఈ సంగతి తెలుసు. వారికి కావలసినది ఆ పాతకాలపు రేసు బండి రూపం. అందం కోసం చేశామంటే నాకు అభ్యంతరం లేదు. "పిల్లల కాళ్లు కాలకుండా చుట్టించాను" అని తండ్రులు నమ్మకంగా చెప్పినప్పుడే నాకు ఆందోళన కలుగుతుంది.

వేడి చర్మాన్ని ఎంత సేపట్లో కాలుస్తుందో ముందుగా తెలుసుకోవాలి. 1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి ప్రకటించారు. నేటికీ కాలిన గాయాల శాస్త్రానికి ఆ కొలతలే పునాది. 44 డిగ్రీల సెల్సియస్ వేడి వస్తువు చర్మాన్ని కాల్చడానికి సుమారు 6 గంటలు పడుతుంది. 60 డిగ్రీల వద్ద కొన్ని సెకన్లు చాలు. 70 డిగ్రీలు దాటితే సెకను కూడా అక్కరలేదు. అంటే చురుక్కుమని మెదడుకు తెలిసి, కాలు వెనక్కి తీసుకునే లోపలే జరగవలసినది జరిగిపోతుంది. పసిపిల్లల చర్మం పలుచన కనుక వారికి ఇంకా త్వరగా కాలుతుంది. నడుస్తున్న బండి బెండు పైపు ఇంజను దగ్గర 200, 300 డిగ్రీలకు తేలికగా చేరుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, బరువుతో వెళ్లేటప్పుడు అంతకు ఎంతో మించుతుంది.

ప్రభుత్వాసుపత్రిలో పనిచేసిన ఏ వైద్యునికైనా సైలెన్సర్ గాయం చిరపరిచితం. మన బండ్లలో చాలావాటికి సైలెన్సర్ కుడివైపున ఉంటుంది కనుక గాయం తరచుగా కుడి పిక్క లోపలి వైపున కోడిగుడ్డంత వెడల్పున ఉంటుంది. బెండు పైపు గాయం మరొక తీరు. అది ముందువైపు ఉంటుంది. పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టిన పసివాని పాదాలు సరిగ్గా దాని పైనే వేలాడుతుంటాయి. బండి ఆగగానే పిల్లవాడు తనంతట తానే జారి దిగుతాడు. పాదమో మోకాలో గొట్టానికి ఆనుతుంది. కొన్ని సందర్భాలలో పట్టు కోసం చేయి చాపి గొట్టాన్నే పట్టుకుంటాడు. అరచేయి కాలిన పిల్లలను చూసిన తల్లులకు ఆ దృశ్యం వర్ణించనవసరం లేదు.

ఈ గాయంలో మరొక మోసం ఉన్నది. ఎర్రగా కమిలి బొబ్బ లేచి భగభగ మండే గాయాన్ని చూసి అందరూ భయపడతారు. తెల్లగా పాలిపోయి నొప్పి అంతగా లేని గాయాన్ని చూసి "పెద్దగా ఏమీ కాలేదు" అంటారు. నిజానికి నొప్పి లేకపోవడానికి కారణం అక్కడి నాడుల కొసలు కూడా కాలిపోవడమే. వేడి లోహం తాకిన గాయాలు ఇలా లోతుగా ఉండడం తరచు. 3 వారాలు దాటినా మానని గాయం మందపాటి మచ్చగా మిగులుతుంది. కొందరికి చర్మం అతికించవలసి వస్తుంది. మధుమేహం వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారికి గొట్టం తగిలినట్లే తెలియదు. సాయంత్రం కాళ్లు కడుక్కునేటప్పుడు ఊడివచ్చిన చర్మం చూసి ఆశ్చర్యపోయిన పెద్దలకు నేను చికిత్స చేశాను. వారిలో కొందరికి ఆ చిన్న గాయమే నెలల తరబడి మానని పుండుగా మారింది.

మరి పట్టీ చుడితే ఈ బాధ తప్పదా? పైభాగపు వేడి తగ్గే మాట నిజమే. పట్టీలోని నార లోహమంత వేగంగా వేడిని చర్మానికి అందించదు, అదీ నిజమే. అయితే తగ్గిన వేడి కూడా, ఇందాక చెప్పిన 70 డిగ్రీలకు చాలా పైన ఉండవచ్చు. పైగా ఫ్లాస్కులో పోసిన కాఫీ ఎందుకు చల్లారదో ఆ కారణం చేతనే, చుట్టిన గొట్టం ఇంజను ఆపిన తరువాత ఎక్కువ సేపు వేడిగా ఉంటుంది. తళతళలాడే లోహపు గొట్టాన్ని చూస్తే పసివాడికైనా కొంత జంకు కలుగుతుంది. పట్టీ చుట్టినది చూపులకు గుడ్డలా ఉంటుంది. గుడ్డ కాలుతుందని ఏ పిల్లవాడూ అనుకోడు. కాలకుండా కాపాడుతుందని చుట్టినదే పిల్లవానిని దగ్గరికి రప్పిస్తుంది. దీనికి తోడు ఇంజను నుండి నూనె కారితే పట్టీ దానిని పీల్చుకుంటుంది. నూనె పీల్చిన నార, లోపల వందల డిగ్రీల వేడి. దీపపు వత్తి ఎలా తయారవుతుందో మన ఇళ్లలో ఎవరికీ చెప్పనక్కరలేదు. నూనె కారే బండికి ఎట్టి పరిస్థితిలోనూ పట్టీ చుట్టరాదు.

కాలు కాలకుండా ఉండడమే మీ కోరిక అయితే గొట్టానికి కొంచెం ఎడంగా బిగించే చిల్లుల లోహపు కవచం ఉన్నది. హీట్ షీల్డ్ అంటారు. గొట్టానికీ కవచానికీ మధ్య గాలి ఆడుతుంది కనుక కవచం అంతగా వేడెక్కదు. చాలా బండ్లకు కంపెనీయే దానిని సైలెన్సర్ మీద బిగించి ఇస్తుంది. అందానికి అడ్డమని విప్పి అటక మీద పడేసినవారు దానిని దింపి మళ్లీ బిగించుకుంటే చాలు.

ఇంతా విని కూడా చుట్టదలచినవారికి ఇక పని విషయం చెబుతాను. విప్పే పని బండి పూర్తిగా చల్లారిన తరువాతే. రాత్రి నిలిపిన బండిని ఉదయం విప్పడం ఉత్తమం. బెండు పైపు ఇంజను హెడ్డుకు సాధారణంగా రెండు నట్లతో బిగించి ఉంటుంది. వేడికీ వానకూ అవి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటాయి. ముందు రాత్రే తుప్పు వదిలించే నూనె వేసి ఉంచండి. బలం కొద్దీ తిప్పితే స్పానరు జారుతుంది, వేళ్ల కణుపులు ఇంజను రెక్కలకు కొట్టుకొని చీరుకుపోతాయి. అటువంటి గాయాన్ని సబ్బు నీటితో కడిగి, ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోవాలి. నట్టు కదలకపోతే పంతం పట్టకండి. బోల్టు విరిగితే ఆ పని ఇక ఇంట్లో అయ్యేది కాదు. కొత్త బండ్లలో గొట్టానికి ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. దాని తీగను ముందుగా విడదీయకుండా గొట్టాన్ని లాగరాదు.

విప్పిన గొట్టం నూనె జిడ్డుతో, మసితో ఉంటుంది. దానిని పెట్రోలుతో కడగడం మనవారి అలవాటు. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది. నేల మీదుగా పాకుతూ పోయి ఎక్కడో వంటింట్లో ఉన్న పొయ్యిని, పూజగదిలో ఉన్న దీపాన్ని చేరుకుంటుంది. అక్కడ అంటుకున్న మంట వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. వరండాలో పెట్రోలుతో కడుగుతుండగా మంటలు లేచాయని చెబుతూ వచ్చిన రోగుల ముఖాలు, ముంజేతులు ఎలా ఉంటాయో నేను వ్రాయలేను. సబ్బు నీరు, పాత బ్రష్షు చాలు. క్లోరిన్ కలిసిన ద్రావకాలతో తుడిచి, అవి పూర్తిగా ఆరకముందే ఇంజను వేడి చేస్తే ఫాస్జీన్ అనే విషవాయువు పుట్టే ప్రమాదం కూడా ఉన్నది. దానిని పీల్చినవాడు కొన్ని గంటలు బాగానే ఉండి, తరువాత ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసంతో ఆసుపత్రికి రావచ్చు. డబ్బా మీద ఏమి వ్రాసి ఉన్నదో చదివే ఓపిక లేనివారు ద్రావకాల జోలికి పోకుండా ఉండడమే క్షేమం.

ఇక పట్టీ సంగతి. అది గుడ్డలా కనబడినా నూలు కాదు. చాలావరకు గాజు నార. టైటానియం పేరుతో అమ్మేవాటిలో చాలావాటిలో టైటానియం ఉండదు, అగ్నిపర్వత శిలను కరిగించి తీసిన నార ఉంటుంది. కత్తిరించినప్పుడు, లాగి చుట్టినప్పుడు కంటికి కనబడని ముక్కలు విరిగి చేతికి గుచ్చుకుంటాయి, గాలిలోకి లేస్తాయి. కొన్ని గంటలలో వేళ్ల సందులు, మణికట్టు, మెడ దురద పెడతాయి. చిన్న ఎర్రని పొక్కులు వస్తాయి. దీనిని గజ్జి అనుకొని మందులషాపులో లేపనాలు కొని రోజుల తరబడి రాసుకొని వచ్చినవారు ఉన్నారు. గజ్జి దురద రాత్రివేళ పెరుగుతుంది, ఇంట్లో మరొకరికి కూడా ఉంటుంది. గాజు దురద పని చేసిన రోజే మొదలవుతుంది, తగిలిన చోటనే ఉంటుంది. గోకడం వల్ల ముక్కలు మరింత లోపలికి దిగుతాయి. ధారగా పారే నీటిలో సబ్బుతో మెల్లగా కడగాలి, తువ్వాలుతో రుద్దరాదు. మిగిలిన ముక్కలను సెల్లోటేపు అద్ది ఎత్తివేయవచ్చు. ఆ బట్టలను విడిగా ఉతకాలి. పసిబిడ్డ బట్టలతో కలిపి వాషింగ్ మెషిన్‌లో వేస్తే ఆ బిడ్డకూ దురద తప్పదు. కంట్లో పడితే నలపకుండా 15 నిమిషాలు నీటితో కడిగి కంటి వైద్యుని చూడాలి.

గాజు నార పీలిస్తే క్యాన్సర్ వస్తుందా అని అడిగేవారు ఉన్నారు. అనవసరంగా భయపెట్టడం నాకు ఇష్టం లేదు. నేతకు వాడే గాజు పోగుల మందం సాధారణంగా 6 నుండి 15 మైక్రాన్లు. ఊపిరితిత్తుల అడుగు వరకు పోగలిగేవి 3 మైక్రాన్ల కంటే సన్నని నారలు. ఈ గాజు పోగు అడ్డంగా విరుగుతుంది, పొట్టిది అవుతుంది గాని సన్నబడదు. కనుక ముక్కులో, గొంతులో రేగి దగ్గు, మంట కలిగిస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం రేపుతుంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ప్రచురించిన గ్రంథంలో ఈ రకపు పోగును క్యాన్సర్ కారకమని చెప్పడానికి ఆధారాలు చాలని వర్గంలో ఉంచింది. ఆస్‌బెస్టాస్ మాట పూర్తిగా వేరు. అది నిలువునా చీలి సన్నని సూదులుగా మారి, ఊపిరితిత్తుల లోతులకు పోయి అక్కడే ఉండిపోతుంది. జబ్బు 20, 30 ఏళ్ల తరువాత బయటపడుతుంది. క్యాన్సర్ కారకమని ఏ సందేహమూ లేకుండా తేలినది. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు ఆ గనులు ఉండేవి. మన దేశంలో దాని తవ్వకాలు తగ్గిపోయినా దిగుమతి ఆగలేదు. బాయిలర్లకు చుట్టే పాత ఆస్‌బెస్టాస్ తాడు, పట్టీ తక్కువ ధరకు దొరికితే బండికి చుట్టేవారు ఉన్నారు. ఏ నారతో చేసినదో అమ్మేవాడు చెప్పలేని పట్టీని ఇంటికి తేకండి. ఈ వ్యాసంలో ఒక్క మాట గుర్తుంచుకోదలచినవారు దీనిని గుర్తుంచుకోండి.

చుట్టే పని ఆరుబయట, పిల్లలు దగ్గర లేనప్పుడు చేయాలి. నిండు చేతుల చొక్కా, దాని మణికట్టు మీదికి వచ్చే రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు, ఎన్-95 మాస్కు ఉండాలి. కోవిడ్ నాటివి ఇంట్లో మిగిలి ఉంటే ఇక్కడ పనికివస్తాయి. ముఖానికి రుమాలు కట్టుకుంటే చాలదు. ప్యాకెట్టు మీది సూచన అనుమతిస్తే పట్టీని బకెట్టు నీటిలో నానబెట్టి చుట్టండి. తడి నార గాలిలోకి లేవదు. స్టీలు క్లిప్పుల తెగిన కొనలు కత్తి అంచులా ఉంటాయి, వాటిని కాలికి తగలని వైపు ఉంచాలి. పని ముగిశాక నేలను చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో ఎత్తివేయాలి. ఇంజనుకూ గొట్టానికీ మధ్య ఉండే రింగును పాతది వాడకుండా కొత్తది వేయండి. ఖర్చు స్వల్పం, ఫలితం మాత్రం ప్రాణానికి సంబంధించినది.

ఎందుకంటే పట్టీ చుట్టాక మొదటిసారి ఇంజను నడిపినప్పుడు పొగ వస్తుంది. నారకు పూసిన జిగురు, నూనె కాలిపోయే పొగ అది. రెండు మూడు సార్ల వరకు రావచ్చు. దానిని పీల్చనవసరం లేదు. కాని కనబడే ఆ పొగ కంటే కనబడని వాయువు అపాయకరమైనది. రింగు సరిగా కూర్చోకపోతే పొగ సైలెన్సర్ దాకా పోకుండా ఇంజను వద్దనే బయటపడుతుంది. అందులో రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. బీఎస్-6 బండ్లలో ఈ వాయువును తగ్గించే ఉత్ప్రేరకం కూడా వేడెక్కేవరకు పని చేయదు. ఇరుగుపొరుగువారికి చప్పుడు వినబడరాదని రాత్రివేళ షట్టరు దించి బండిని పరీక్షించడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తల తిరుగుడు, వికారం. ఎండదెబ్బ అనో, పైత్యం అనో అనుకుంటారు. తరువాత మత్తు. మరొక్క విషయం చాలామందికి తెలియదు. ఇంట్లో ఉన్న పల్స్ ఆక్సీమీటరు ఇక్కడ నమ్మదగినది కాదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా అది ఆక్సిజన్ ఉన్నదానిగానే లెక్కిస్తుంది. మనిషి ప్రమాదంలో ఉండగానే 98 అని చూపవచ్చు. అంకెను చూసి ధైర్యపడకుండా, ఆ మనిషిని వెంటనే ఆరుబయటికి తెచ్చి, 108కి ఫోన్ చేసి, ఆక్సిజన్ పెట్టగల ఆసుపత్రికి చేర్చాలి. వైద్యునికి "మూసిన చోట బండి నడిపాము" అని తప్పక చెప్పాలి. చెప్పకపోతే ఆయనకూ తోచకపోవచ్చు.

గొట్టం విప్పాం కదా అని ఆ ఉత్ప్రేరకాన్ని, సైలెన్సర్ లోపలి జాలీలను కూడా తీసిపారేసే వారికి ఒకే మాట. మోటారు వాహన చట్టం ఒప్పుకోదు, శబ్ద, వాయు కాలుష్య నిబంధనలు మీరితే 10,000 రూపాయల వరకు జరిమానా ఉన్నది. వీధిలోని గుండెజబ్బు రోగి నిద్ర సంగతి చట్టం కంటే ముందు తలచుకోవలసినది.

అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా ఎవరికైనా కాలితే, కాలిన చోటును కుళాయి నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచండి. గడియారం చూసి 20 నిమిషాలు. రెండు నిమిషాలు తడిపి తీసేయడం చాలదు. వెంటనే కుదరకపోతే 3 గంటల లోపు చేసినా మేలు ఉంటుంది. ఐసు పెట్టరాదు. ఉంగరం, పట్టీలు, కడియం ఉంటే వాపు రాకముందే తీసివేయాలి. టూత్‌పేస్టు, సిరా, దోసెల పిండి, వెన్న, పసుపు ఇవేవీ రాయకండి. అవి గాయం లోతును వైద్యుని కంటికి కనబడకుండా చేస్తాయి. గీరి తీసేటప్పుడు పిల్లవాడు పడే బాధ మీరు చూడలేరు. బొబ్బను చిదపకుండా శుభ్రమైన, నూలు ఊడని గుడ్డ కప్పి తీసుకురండి. అరచేయి, పాదం, కీలు కాలినా, తెల్లగా పాలిపోయి నొప్పి లేకపోయినా, రోగికి మధుమేహం ఉన్నా ఆ రోజే వైద్యునికి చూపాలి.

చివరగా పాత పట్టీ సంగతి. ఏడాదో రెండేళ్లో గడిచాక వేడికి నార పెళుసుబారుతుంది. వాననీరు పట్టీలో నిలిచి లోపల ఇనుప గొట్టాన్ని తుప్పు తింటుంది. ఊడదీసేటప్పుడు అది కొత్తదాని కంటే ఎక్కువగా పొడి రాలుతుంది. దురద, దగ్గు అప్పుడే అధికం. ముందుగా నీరు చల్లి బాగా తడిపి, చుట్టేటప్పుడు వేసుకున్న మాస్కు, తొడుగులు మళ్లీ వేసుకొని విప్పండి. తడిగానే ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి, పైన "గాజు నార" అని వ్రాసి చెత్త బండికి ఇవ్వండి. సంచి విప్పి చేతులతో వేరుచేసే పారిశుద్ధ్య కార్మికురాలికి తొడుగులు ఉంటాయో ఉండవో మనకు తెలియదు.